పళ్లతో వినే మనిషి

గోనెసంచి కాలే వాసన వస్తే చాలు, ఈ వయసులోనూ నాకు కళ్లు చెమరుస్తాయి. పొగకేలే అనుకుంటారు చూసినవాళ్లు. అనుకోనీ. ఈ రోజు పొద్దున నల్లా కింద చెయ్యి పెడితే నీళ్లు కరవలేదు. నిన్నటిదాకా వేళ్లు కొంకర్లు పోయేవి. అంటే, రోజు వచ్చిందన్నమాట. చలికాలం పోయాక తేనెటీగల పెట్టె ఎప్పుడు తెరవాలో చెప్పాల్సింది క్యాలెండర్ కాదు, నల్లా నీళ్లు. గూట్లో దాచిన పాత చక్కెర బస్తా తీసి, జానెడు ముక్క చించి, చుట్ట చుట్టి, కొసకు నిప్పంటించాను. తీపీ మాడూ కలిసిన ఆ పొగ ముక్కులోకి పోయిందో లేదో, పక్క పెరట్లోంచి "గంత గట్టిగ ఊదకు బేటీ, నీ మీద అలిగినయా అవి?" అన్న మాట వినపడ్డట్టే అయింది. ఆ మాట అనే మనిషి పోయి ఏడు నెలలు.

మా పెరట్లో జామచెట్టు కింద ఉన్నది ఒకే ఒక్క పెట్టె. చలి మొదలయ్యేనాటికి అందులో, పట్టు కట్టుకునే చట్రాల్లో, రెండు చట్రాల మందం ఈగలే మిగిలాయి. నలభై రోజులుగా నేను మూత తీయలేదు. చలిలో మూత తీయడమంటే బాలింత మీది దుప్పటి లాగడమే అని గఫూర్ చాచా నాకు నూరిపోసిన మాట. లోపల రాణి ఉందో లేదో, అసలు ఏదైనా బతికి ఉందో లేదో నాకు తెలియదు. గోడకు అవతల ఆయన భార్య, చాచీ, నాకంటే ఎక్కువగా ఎదురుచూస్తోంది. సంక్రాంతి నాడే నాతో తేల్చి చెప్పేసింది. "గవి గూడ పోతే నేను నిజామాబాద్ పోత, మా బిడ్డ దగ్గరికి. ఒక్క సప్పుడన్న లేని ఇంట్ల నేనేం జేస్త?" అంది. చాచీ అన్నదంటే అన్నదే. ఈ పెట్టెలో ప్రాణం లేకపోతే ఆ ఇంటికి తాళమే.

పెట్టె ద్వారం దగ్గర ఒక్క ఈగ కూడా లేదు. మూత మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేశాను. నోరున్నంత ధైర్యం నాకు గుండెలో లేదని ఆ నిమిషంలో తెలిసింది. కాసేపు అక్కడే పీట వేసుకుని కూచున్నాను. గఫూర్ చాచా ఎవరో తెలియనివాళ్లకు ఇది ఉత్త చెక్క డబ్బాగానే కనిపిస్తుంది. అందుకే ఆయన గురించి చెప్పాలి.

పదమూడేళ్ల కిందట మేము బోధన్‌లో ఈ గల్లీకి అద్దెకు వచ్చాం. మా ఆయనకు కరెంటు మోటార్లు బాగుచేసే దుకాణం. నేను ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. వచ్చిన మూడో రోజే, దండెం మీద బట్టలు ఆరేస్తుంటే ఎక్కడి నుంచో ఒక ఈగ వచ్చి నా కనురెప్ప మీద కుట్టింది. గంటసేపట్లో కన్ను బూరెలా పొంగింది. నాది అసలే ఊరుకునే నోరు కాదు. కొంగు నడుముకు చుట్టి, పక్కింటి తలుపు దబదబా బాదాను. బనీనులో ఉన్న పెద్దమనిషి తలుపు తీశాడు. తెల్లటి గడ్డం, చెవి మీద పెన్సిలు. "అందరు కుక్కల సాదుకుంటరు, కోళ్ల సాదుకుంటరు, మీరేంది పురుగుల సాదుడు?" అని మొదలుపెట్టి, ఆపకుండా వాయించాను. ఆయన నా పెదాల వైపే చూస్తూ నిలబడ్డాడు. వెనక నుంచి ఆయన భార్య తొంగిచూసి, "ఆయనకు వినరాదు బిడ్డా, జర గట్టిగ తిట్టు" అంది.

చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు నలిపే యంత్రాల పక్కన ముప్పై ఏళ్లు నిలబడి పనిచేసిన మనిషి. ఆ రొదలో చెవులు రెండూ పోయాయి. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం నిజంగానే గట్టిగా తిట్టాను, గల్లీ చివరిదాకా వినపడేలా. అంతా అయ్యాక ఆయన నా మొహం దగ్గరకు వంగి, కనురెప్ప మీది ముల్లును గోటితో గీరి తీశాడు. "పట్టి పీకద్దు. పీకితే ఇసం లోపటికి పోతది" అన్నాడు. ఆ తర్వాత అడిగాడు, నా తిట్లకు జవాబన్నట్టు. "బేటీ, సూది కంట్ల దారం ఒక్కపారికే ఎక్కిస్తవా?"

"ఎక్కిస్త. దీపం లేకున్నా ఎక్కిస్త. అయితే ఏంది?"

"అయితే రా. నాకు కండ్లు గావాలె."

తిట్టడానికి వెళ్లినదాన్ని పెరట్లో పీట మీద కూచోబెట్టి చాయ్ ఇచ్చారు. ఏమనాలి ఇంక? మూడు పెట్టెలు ఉండేవి చాచాకు. రాణి ఉందో లేదో తెలియాలంటే రాణినే చూడక్కర్లేదట. పట్టులోని గదుల అడుగున అది పెట్టిన గుడ్లు కనిపిస్తే చాలు, ఇల్లు నిలబడ్డట్టే. ఆ గుడ్లేమో కంటికి ఆనవు. చాచా కళ్లకు పొరలు వచ్చి అప్పటికే రెండేళ్లు. చూడ్డానికి మనిషి కావాలి, దేవుడు ఆ మనిషిని ఈగతో కుట్టించి మరీ పంపాడు అని చాచీ అంది. దేవుడికి వేరే దారి దొరకలేదా అని నేను అన్నాను.

మొదటిసారి నన్ను పెట్టె దగ్గర కూచోబెట్టినప్పుడు, "ముందుగాల్ల ఇందాం, తర్వాత సూద్దాం" అన్నాడు. చెవులు లేని మనిషి వినడమేమిటని నాకు నవ్వొచ్చింది. ఆయన జేబులోంచి జానెడు వెదురు పుల్ల తీశాడు. ఒక కొస పళ్ల మధ్య కరిచిపట్టి, రెండో కొస పెట్టెకు ఆనించాడు. వేలి కణుపుతో చెక్క మీద ఒక్క దెబ్బ కొట్టి కళ్లు మూసుకున్నాడు. లోపలి ఈగల రొద పుల్ల వెంట పాకి పళ్లలోకి, అక్కడి నుంచి పుర్రెలోకి వస్తుందట. రాణి ఉన్న పెట్టెను కొడితే జుమ్మని ఒక్కసారి లేచి, ఠక్కున ఊరుకుంటాయి. రాణి లేని పెట్టె ఊరుకోదు. తల్లి లేని ఇంట్లో ఏడుపులా సాగుతూనే ఉంటుంది. "నువ్వు గూడ విను" అని పుల్ల నా చేతికి ఇవ్వబోయాడు. "ఛీ, నీ ఎంగిలి పుల్ల నేనెట్ల కరుస్త?" అన్నాను. పెదాలు చదివి, కడుపు పట్టుకుని నవ్వి, అప్పటికప్పుడు నాకు వేరే పుల్ల చెక్కి ఇచ్చాడు. అది ఇప్పటికీ నా మిషన్ సొరుగులో దారపుండల మధ్య ఉంటుంది.

తర్వాత గోనెపొగ మెల్లగా ఊది, చట్రాన్ని పైకి లేపి, ఎండ నా భుజం మీదుగా పడేటట్టు పట్టుకున్నాడు. తను మాత్రం పుల్ల పళ్లలోనే ఉంచుకుని, దాని కొస చట్రానికి ఆనించాడు. మొదట నాకు ఈగలు, గదులు తప్ప ఏమీ కనపడలేదు. అడుగున చూడమని వేలితో సైగ చేశాడు. ఊపిరి బిగబట్టి చూశాను. ఒక్కో గది అడుగున ఒక్కో తెల్లటి దారం తునక, నిటారుగా నిలబడి ఉంది. పది గదుల్లో, వంద గదుల్లో, చూసినకొద్దీ ఉన్నాయి. ఏం కనిపించిందో గట్టిగా చెప్పమని చెయ్యి ఊపాడు. నా గొంతు గురించి చెప్పాను కదా. "గుడ్లున్నయి చాచా!" అని అరిచాను. ఆయన పుల్ల తీసి, రెండు చేతులూ పైకెత్తి, పెళ్లి ఇంట్లో మనిషిలా నవ్వాడు.

అది మొదలు ప్రతి ఏడాదీ చలి పోయే రోజుల్లో మా గల్లీకి అది పండగ. నేను అరవడం, గల్లీ వినడం. దారిన పోయే ఒకాయన ఒకసారి గోడ మీదుగా తల పెట్టి "డజన్ ఎంతకిస్తున్నరమ్మా?" అని అడిగాడు. ఆ ఏడాదంతా నాకు గుడ్ల సుజాత అని పేరు. పాలు పోసే మల్లన్న సైకిల్ ఆపి "ఉన్నయా? ఇగ సలి పోయినట్టే!" అనేవాడు. కొన్నాళ్లకు అందరూ ఆ అరుపు కోసం చూసేవాళ్లు.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గానీ, అది లేకపోతే చాచా మీకు పూర్తిగా తెలియడు. మూడో ఏడాది చలికాలంలో ఆయన కంటి ఆపరేషన్‌కని నిజామాబాద్‌లో బిడ్డ ఇంటికి వెళ్లాడు. ఇరవై రోజులు. మూడు పెట్టెలూ నాకు అప్పగించి, "మరీ ఆకలి మీదుంటే చక్కెర నీళ్లు, ఒక్క గిన్నెడు. గంతే" అన్నాడు. ఆ వారమంతా మంచు, మబ్బు. ఈగలు బయటికి రాలేదు. నాకు ప్రాణం ఉసూరుమంది. మా పుట్టిల్లు రుద్రూర్ దగ్గర పల్లె, చుట్టూ చెరుకే. అప్పుడే మా అన్న కొత్త బెల్లం డబ్బా పంపించాడు. మా వైపు బాలింతకు బెల్లం, ఈనిన బర్రెకు బెల్లం, దేవుడికి బెల్లం. చక్కెర అనేది చుట్టాలకు చాయ్ పెట్టడానికి. సొంత బెల్లం ఇంట్లో ఉండగా ఈగలకు పరాయి చక్కెర పెడతానా? చిక్కటి పాకం కాచి, చలికి మంచిదని చిటికెడు శొంఠి కూడా వేసి, నడిమి పెట్టెకు పెట్టాను. ఒక్క రోజులో గిన్నె ఊడ్చినట్టు తాగేశాయి. ఎంత మురిసిపోయానో! మళ్లీ కాచి పెట్టాను.

ఐదో రోజు పెట్టె ముందు భాగమంతా గోధుమరంగు చారలు. ఈగలకు కడుపు చెడింది. చలికి బయటికి పోలేక పెట్టెలోనే, గుమ్మంలోనే. ఎనిమిదో రోజుకు దెబ్బ కొడితే జవాబు లేదు. పళ్లలో పుల్ల పెట్టుకుని ఎంతసేపు కూచున్నానో. ఏడుస్తూనే చచ్చిన ఈగలను కొంగులోకి ఎత్తాను. ఒకరి ఇంటిని నమ్మి నా చేతిలో పెడితే, ముద్దు చేసి చంపాను.

చాచా తిరిగొచ్చిన రోజు నేను ఇంట్లోంచి బయటికి రాలేదు. ఆయనే వచ్చాడు, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని. కొత్త కంటితో ఆయన మొదట చూసిన పెట్టె అదే. చారలు చూశాడు. గడప దగ్గర నిలబడి అడిగాడు.

"ఏం వెట్టినవ్ బేటీ?"

"బెల్లం."

"శొంఠి గూడ ఏసినవా?"

నేను బిత్తరపోయాను. "ఏసిన" అన్నాను.

ఆయన గడప మీద కూలబడి, నవ్వలేక నవ్వాడు. "నేను మిరియాలు గూడ ఏసిన, మొదటి ఏడు. గీ చెరుకు నేల మీద పుట్టినోళ్లం అందరం గదే జేస్తం. పావురం, ముద్దు ఎక్కువైతే బెల్లం తీస్తం." మళ్లీ అన్నాడు. "నీకు మంచిగున్నది దానికి వెట్టకు. దానికేది మంచిగుంటదో దాన్నే అడుగు. ఏడ్సుడు అయిపోయిందా? ఇగ లే. పెట్టె కడుగు. గిది ఇయ్యాల్టి సంది నీది. ఖాళీది ఇస్తున్న. నిండుగ సూపియ్యి."

నా మీద కోప్పడి ఉంటే రెండు రోజుల్లో మరిచిపోయేదాన్ని. ఆ ఖాళీ పెట్టె ఇచ్చి నన్ను కట్టేశాడు. వేడినీళ్లు, సోడాతో దాన్ని తోమాను, ఎండబెట్టాను, మళ్లీ తోమాను. నా కుట్టుపని కూడా ఆ ఏడాదే మారింది. అంతకుముందు ఎవరొచ్చినా నాకు నచ్చిన మెడే పెట్టేదాన్ని. ఆ తర్వాత, "నీకెట్ల గావాలె?" అని అడగడం నేర్చుకున్నాను. మోస్రా, వర్ని నుంచి కూడా ఆడవాళ్లు బస్సెక్కి నా దగ్గరకు రావడం మొదలైంది.

ఆపరేషన్ తర్వాత నాకొక బెంగ పట్టుకుంది. ఆయన కళ్లు ఆయనకు వచ్చాయి, ఇక నాతో ఏం పని? ఆ మాటే అడిగాను. చట్రం వైపు చాలాసేపు చూసి, "లేదు బేటీ, గుడ్లు కనవడుతలేవు. దూరం కనవడుతది గని సన్నయి కనవడుతలేవు" అన్నాడు. పాపం అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, సంతోషంగానూ ఉండింది.

ఆ మార్చిలోనే నా పెట్టె నిండే రోజు వచ్చింది. బస్టాండ్ దగ్గర ఒక కిరాణా దుకాణంలో, ఎండాకాలానికని పాత కూలర్ దించితే, దాని గడ్డి వెనక తేనెపట్టు. జనం మూగారు. దుకాణాయన కిరసనాయిలు డబ్బా పట్టుకుని ఉన్నాడు. మా ఆయన ఫోన్ చేస్తే, కుడుతున్న జాకెట్ కూడా పక్కన పెట్టకుండా భుజాన వేసుకునే పరుగెత్తాను, చాచా వెనకాల పెట్టెతో రిక్షాలో. "ఒక్క సుక్క పోసినా ఊకోను" అని దుకాణాయన ముందు నిలబడ్డాను. "నీవేనా అవి?" అన్నాడు. "నావే. గిప్పటి సంది నావే" అన్నాను. చాచా కూలర్ రేకుకు పుల్ల ఆనించి, కళ్లు మూసుకుని, బొటనవేలు పైకెత్తాడు. రాణి ఉంది.

పట్టును జాగ్రత్తగా కోసి, ఒక్కో ముక్కను చట్రంలో నిలబెట్టి దారంతో కట్టాలి. చాచా జేబులు తడుముకున్నాడు. దారం మరిచిపోయి వచ్చాడు. నా భుజం మీది జాకెట్‌కు సూదీ గులాబీరంగు దారపుండా వేలాడుతున్నాయి. అదే దారంతో, పైట అంచు కుట్టినట్టు, ఐదు చట్రాలు కట్టాను. చేతుల మీద ఏడు చోట్ల కుట్టాయి. ఒక్కసారి కూడా అరవలేదు. ఈ సంగతి మా ఆయన ఇప్పటికీ నమ్మడు. జనం మధ్యలోంచి ఆ పెట్టెను రిక్షాలో ఒళ్లో పెట్టుకుని ఇంటికి వస్తుంటే, బోధన్‌కు నేనే రాణిననిపించింది.

"ఉంటయా చాచా? లేచిపోతయా?" అని రోజూ అడిగేదాన్ని. దాన్నే అడగమనేవాడు. పదో రోజు పొద్దున పెట్టె గుమ్మం ముందు నేల మీద గులాబీరంగు దారం తునకలు. ఈగలు పట్టును చట్రానికి తామే అతికించుకుని, ఇక నీ కుట్లు అక్కర్లేదని కొరికి బయట పారేశాయి. చాచా ఆ తునకలు ఏరి, కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు. "నిండుగ సూపిచ్చినవ్" అన్నాడు. జీవితంలో నాకు అంతకంటే పెద్ద బహుమతి రాలేదు.

పోయిన వానాకాలంలో, నాలుగు రోజుల జ్వరంతో చాచా వెళ్లిపోయాడు. వారం తిరగకముందే ఆయన రెండు పెట్టెల్లోని ఈగలూ లేచిపోయాయి. వానల్లో పూలు లేకపోతే అవి చోటు మారుస్తాయని నాకు తెలుసు. చాచీకి చెప్పినా వినదు. "ఆయన ఎంబడి పోయినయ్" అంటుంది. మిగిలింది నా కూలర్ ఈగలే. చలికి అవీ తగ్గిపోయాయి. మా అమ్మ రుద్రూర్ నుంచి బెల్లం పంపి, "జరంత వెట్టరాదే, పాపం" అంది. ఆ బెల్లం డబ్బా అటక మీదకు ఎక్కించి, పలచటి చక్కెర నీళ్లు ఒక్క గిన్నెడు పెట్టి, మూత మూసి, నలభై రోజులు చేతులు కట్టుకుని కూచున్నాను. నా స్వభావానికి అదెంత కష్టమో నాకే తెలుసు.

అదీ కథ. పీట మీద నుంచి లేచాను. సొరుగులోంచి తెచ్చిన నా పుల్ల పళ్ల మధ్య పెట్టి, పెట్టెకు ఆనించాను. కణుపుతో ఒక్క దెబ్బ కొట్టాను.

జుమ్మని లేచింది. నా దవడలు వణికాయి. ఠక్కున ఊరుకుంది.

మూత తీయబోతే రెండుసార్లు పట్టు తప్పింది. పొగ ఊదాను. మొదటి చట్రం నిండా తేనె. రెండో చట్రం నిండా ఈగలు. నడిమి చట్రం లేపి ఎండకు తిప్పాను. నలభై రెండేళ్ల కళ్లు, మునుపటిలా లేవు. చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాను. గదుల అడుగున తెల్లటి దారం తునకలు, నిటారుగా, వరసగా, చట్రం ఈ కొస నుంచి ఆ కొస దాకా.

"గుడ్లున్నయీ!"

అరిచాను గానీ, చివర పిలవాల్సిన పేరు మాత్రం పిలవలేదు. అప్పుడే పెరటి వాకిలి చప్పుడైంది. చాచీ. ఏడు నెలల్లో మా పెరట్లో అడుగు పెట్టడం అదే మొదలు. చేతిలో చాచా వెదురు పుల్ల, కొస మీద ఆయన పళ్ల గాట్లు. వచ్చి నా పక్కన కూచుని, చట్రం అంచుకు పుల్ల ఆనించింది.

"ఆయనకు గుడ్లు కనవడేటివి బిడ్డా" అంది. "ఆపరేషన్ అయినంక సన్న అక్షరాల పేపర్ గూడ చదివేటోడు. గుడ్లు కనవడయా?"

"మరి నాకట్ల ఎందుకు చెప్పిండు?"

"నువ్వు అరిస్తే చట్రం వణుకుతది. గీ పుల్లల నీ గొంతు వినవడేటిది ఆయనకు. నా గొంతు సన్నది, ఎన్నడు వినవడలే. మనిషి గొంతు ఇనుడంటే ఏడాదికి గదొక్కటే. ఆపరేషన్ జేయించుకున్నా, గది మాత్రం ఇడుస్తనా అన్నడు."

చాచీ పుల్లను పళ్ల మధ్య కరిచిపట్టి, కళ్లు మూసుకుని, ఇక అరవమని చెయ్యి ఊపింది, అచ్చం ఆయనలాగే.

ఈ నోటి గురించి నన్ను అనని వాళ్లు లేరు. అమ్మ అంది, అత్త అంది, బడిలో పంతులమ్మ బెంచీ ఎక్కించింది. ఒక్క మనిషి మాత్రం దాన్ని వినడానికి పదేళ్లు కన్ను కనపడనట్టు నటించాడు. ఇంక నేను గొంతు తగ్గించి మాట్లాడను.

"గుడ్లున్నయి చాచా!" అని అరిచాను, గుండెలో ఉన్న గాలంతా పెట్టి. జామచెట్టు మీది పిట్టలు లేచిపోయాయి. చట్రం నా వేళ్లలో వణికింది. చాచీ మొహం విప్పారింది. గల్లీలో సైకిల్ బ్రేకు కీచుమని, "ఉన్నయా అక్కా?" అని మల్లన్న గొంతు. "ఉన్నయి!" అన్నాను. మిద్దె మీద నుంచి ఇంకెవరో, "ఇగ సలి పోయినట్టే!"

చాచీ పుల్లను కొంగుతో తుడిచి, రొండిన దోపుకుని, అక్కడే నిలబడి నిజామాబాద్‌కు ఫోన్ కలిపింది. "నేను వస్తలే బిడ్డా," అని చెప్పింది, "మాకు ఈడ మస్తు పనున్నది."